మూడు గంటల దీవి

ముగ్గురికీ ఒకేసారి రెండు రోజులు సెలవు.
ఇరవైరెండేళ్ళ సర్వీసులో ఇదే మొదలు.
ఖాళీ టెంపరేచర్ చార్టు వెనకవైపు
ఫిలోమినమ్మ గళ్ళు గీసింది:
లోతు. అడుగు. అల. ఆటో చార్జీ.
నేనింకో గడి కలిపాను: బట్టలు మార్చుకునే చోటు.
వరాలు పెన్ను లాక్కుని చివర్లో రాసింది: మగాళ్ళు.

దీవికి పోదాం అంటే ఎక్కడికో పోనక్కర్లేదు,
చుట్టూ ఏళ్ళూ ఆపైన సముద్రమూ,
కోనసీమే దీవి అంది వరాలు.
నిజమే. కాలవ గట్టునే పుట్టాం ముగ్గురం.
నీళ్ళు మోశాం, నీళ్ళలో గుడ్డలు జాడించాం,
పులసలు తోమి కడిగాం.
నీళ్ళలో ఊరికే ఎప్పుడూ లేము.
లాకుల మీంచి దూకింది అన్నదమ్ములు,
వాళ్ళ తువ్వాళ్ళకి కాపలా మేం.

ముందు ఓడలరేవు.
అల మంచిదే. దూరంగా గ్యాసు మంట
పట్టపగలు ఎవరికోసమో వెలుగుతోంది.
ఇసక మీద మోటారు సైకిళ్ళు,
ఫోన్లు పైకెత్తిన కుర్రాళ్ళు.
కుచ్చెళ్ళు పిడికిట్లో పట్టుకుని
సముద్రానికి సూది మందు వెయ్యడానికొచ్చినట్టు
వరసగా నిలబడ్డాం, మోకాళ్ళ దాకా.
గడిలో రాశాను: అల బాగుంది, చూపులు లోతు.

చింతలమోరిలో సరుగుడు నీడ, మనిషి లేడు.
చెప్పులిప్పాం కూడా.
వల కుట్టుకుంటున్న ముసలామె తలెత్తకుండానే అంది:
"అక్కడ దిగకండమ్మా, అడుగున ఏరుంది, లాగేస్తాది."
పైకి చూస్తే పళ్ళెంలో పాలు.
చెప్పులు తొడుక్కున్నాం.

అంతర్వేదిలో జనం మూడేసి మునకలేస్తున్నారు.
పుణ్యానికైతే ఆడది నిండా తడవొచ్చు,
సరదాకి తడిస్తేనే ఊరంతా కళ్ళు.
"మరి నాకా పుణ్యం కుదరదుగా"
అని ఫిలోమినమ్మ నవ్వి, వేరుశెనక్కాయలు కొంది.

సాయంత్రం పంటు రేవు దగ్గర
పెమ్మాడి ధనకొండ అనే పడవాయన
మా చార్టు తిరగేసి, మడిచి, తిరిగిచ్చేశాడు.
"ఈతొచ్చాండీ?"
రాదన్నాం.
"మరిందులో ఆ గడేదండీ?
నీళ్ళు మంచియ్యా చెడ్డయ్యా అని ఉండదండి,
ఏ వేళకి దిగేరన్నదేనండి.
రేప్పొద్దున్న పాటుకి రండి. ఆయ్."

పొద్దున్నే వశిష్ఠ వీపు తేలింది.
నడిగోదారిలో తడి ఇసక,
కొంగల అడుగులు తప్ప పేరు లేని నేల.
"పోటు తగిలేదాకా మీదేనండి, మూడు గంటలు"
అని మమ్మల్ని దింపి,
ధనకొండ పడవని అటు తిప్పుకుని
ముఖం మీద తుండు కప్పుకుని పడుకున్నాడు.

నడుం లోతు. కాళ్ళకింద గట్టిగా, చల్లగా.
నైటీ బెలూన్‌లా ఉబ్బితే
ఫిలోమినమ్మ దాన్ని కొట్టి కొట్టి నవ్వింది.
వరాలు వెల్లకిలా పడుకుంటానంది.
తల కింద అరచెయ్యి పెట్టాను,
కాన్పు గదిలో అప్పుడే పుట్టిన మెడకి పెట్టినట్టు.
చెవులు మునిగాక కళ్ళు మూసుకుంది.
"బెల్లు వినపడట్లేదే" అంది పెద్దగా,
చెవిటివాళ్ళు మాట్లాడినట్టు.
ఒక వేలు తీశాను. రెండు.
మిగతావి ఎప్పుడు తీశానో నాకూ తెలీదు.
తనకి చెప్పలేదు.

ఉప్పదనం ముందు పెదవికి తెలిసింది.
మడమ, పిక్క, మోకాలు.
విప్పి పెట్టిన చెప్పులు కదిలాయి.
మేమెక్కేసరికి దీవి దుప్పటంత,
తెడ్డు వేసేసరికి అదీ లేదు.
చార్టు గుర్తొచ్చింది అప్పుడు. పోనీలే అన్నారు ఇద్దరూ.

సోమవారం, పదకొండో బెడ్డు.
మామ్మ చెయ్యి పట్టుకుని వాచీ చూస్తున్నాను.
"ఏటి నీసు వాసనొస్తన్నావేంటే" అంది.
ఎక్కడిదాకా వచ్చానో లెక్క జారిపోయింది.
ముల్లు పన్నెండు మీదికి వచ్చేదాకా ఆగి
మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాను.